అంతా అప్‌డేట్ వల్లే

మా ఆఫీసులో విడిభాగాల గది చూసుకునే అన్నయ్యకు లోకంలో జరిగే ప్రతి అనర్థానికీ ఒకటే కారణం తెలుసు. అప్‌డేట్. బస్సు ఆలస్యమైనా, టీలో చక్కెర తగ్గినా, చొక్కా గుండీ ఊడినా ఎక్కడో ఏదో అప్‌డేట్ వచ్చి ఉంటుందంటాడు. ఒకరోజు రెండు కాళ్లకీ రెండు వేర్వేరు చెప్పులు వేసుకొచ్చాడు. ఇదేమిటన్నయ్యా అని అడిగితే కిందికి ఒకసారి చూసుకుని, ఏమాత్రం తొణక్కుండా, "రాత్రి అప్‌డేట్ అయిందిలే చెల్లెమ్మా" అన్నాడు. అతని అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. మా అందరికీ అతను అప్‌డేట్ అన్నయ్యే.

ఇంట్లోనూ ఇదే వరస. వదిన ఒకసారి కుక్కర్ చూస్తూ ఉండమని చెప్పి పక్కింటికి వెళ్లిందట. తిరిగొచ్చేసరికి అడుగంటిన వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది. "విజిల్ లెక్క మారినట్టుంది, కొత్త వెర్షన్ కాబోలు" అన్నాడట ఈ మహానుభావుడు. ఆ కుక్కర్ వాళ్ల పెళ్లినాటిది. మీకొక్కరికే ఏ అప్‌డేటూ రాదేమండీ అని వదిన అడిగితే, వస్తూనే ఉందిగానీ లోపల జాగా లేదన్నాడట. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆవిడ నా దగ్గర మాట తీసుకుంది. నేనూ ఆఫీసులో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. నేను బిల్లులు రాస్తాను. ఫోనులో ఫిర్యాదు రాగానే ముందు బల్ల దగ్గర కూర్చున్న మనిషి మెసేజింగ్ యాప్‌లో మా గ్రూపు వాయిస్ చాట్ తెరిచి, ఏ బిల్డింగులో ఏ లిఫ్టు ఆగిపోయిందో మెకానిక్కులకు నోటితో చెప్పాలి. రాసి పంపితే లాభం లేదు. ఒకడు పైన మోటారు గదిలో ఉంటాడు, ఇంకొకడు కింద లిఫ్టు గుంతలో ఉంటాడు, ఇద్దరి చేతులకీ మోచేతుల దాకా గ్రీజు. వాళ్లకు చెవులు తప్ప ఇంకేవీ ఖాళీ ఉండవు.

ఆ బల్ల దగ్గరికి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. ఏ బిల్డింగులో ఎన్ని లిఫ్టులో, ఏది మొండిదో, ఏ వాచ్‌మన్ తాళాలు పట్టుకుని మాయమవుతాడో వారం తిరక్కుండా నేర్చేసుకుంది. చిక్కల్లా మాట దగ్గరే. మొదటి అక్షరం గొంతులో పట్టేసి ఒక పట్టాన బయటికి రాదు. ఆ పిల్ల "మ... మ..." అంటూండగానే మా హెడ్ మెకానిక్ "మార్కెట్ బిల్డింగేగా, బయల్దేరా" అనేసేవాడు. ఇంకొకడు మహిళా హాస్టల్ అయ్యుంటుందని అటు పరిగెత్తేవాడు. తీరా చూస్తే ఆగిపోయింది మల్టీప్లెక్స్ లిఫ్టు. అందులో ఇరుక్కున్నవాళ్లు బయటపడేసరికి సినిమా సగం అయిపోయింది.

అలాంటిది ఇంకోసారి జరిగేసరికి యజమాని ఆమెను లోపలికి పిలిచాడు. నెలాఖరు దాకా చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే బల్ల దగ్గర ఇంకొకరిని పెట్టుకోక తప్పదని చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఉత్త తొందర మనిషి. ఆ పిల్లకు ఇది మొదటి ఉద్యోగం. ఇంతకుముందు వెళ్లిన ప్రతిచోటా తన పేరు చెప్పడం పూర్తయ్యేలోపే థాంక్స్ చెప్పి పంపేశారట. ఆ మాట నాతో నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం యజమాని మీద, మెకానిక్కుల మీద, అందరి మీదా ఒళ్లు మండింది.

సరిగ్గా ఆ వారమే నిజంగా అప్‌డేట్ వచ్చింది. రాత్రికి రాత్రి యాప్ రంగు మారిపోయింది. పొద్దున వాయిస్ చాట్ తెరిస్తే అందరూ గ్రూపులో ఉన్నారు, అందరూ మాట్లాడుతున్నారు, ఎవరికీ ఏమీ వినబడదు. ఆ పొద్దున గ్రూపులో వినబడిన ఒకే ఒక్క గొంతు హెడ్ మెకానిక్ గారి భార్యది. అతని ఖాతా ఇంట్లో ఇంకా అప్‌డేట్ కాని పిల్లల ట్యాబ్‌లో కూడా తెరిచి ఉందట, పిలుపు అక్కడ మోగితే ఆవిడ ఎత్తింది. "ఆయన ఇంకా స్నానానికే లేవలేదండీ" అంది. దారిలో ఉన్నానని అతను మెసేజ్ పెట్టి అప్పటికి ఎంతోసేపు కాలేదు.

అప్‌డేట్ అన్నయ్య ముఖం ఆ రోజు చూడాలి. ఇన్నేళ్లుగా తను చెబుతున్నది నిజమైనందుకు వెలిగిపోతున్నాడు. అందరి ఫోన్లూ తన గదిలో బల్లమీద పరిచి, రోలర్లనీ తాళ్లనీ పక్కకు తోసి, వైద్యం మొదలుపెట్టాడు. ముందు ఒక్కో ఫోనులోకీ గట్టిగా ఊదాడు. తొడుగులు విప్పి కళ్లద్దాలు తుడిచినట్టు తన చొక్కా అంచుతో తుడిచాడు. ఆపి మళ్లీ వేశాడు. ఒక మెకానిక్కును గ్రూపులోంచి బయటికెళ్లి మళ్లీ రమ్మన్నాడు. వాడు బుద్ధిగా వెళ్లాడు గానీ తిరిగొచ్చే దారి తెలియక భోజనాల వేళ దాకా బయటే ఉండిపోయాడు. చివరికి సెట్టింగుల్లో ఎక్కడో అడుగున, మైకు వాడుకోవడానికి యాప్‌కు ఇచ్చిన అనుమతిని ఈ అప్‌డేట్ పీకేసిందని కనిపెట్టాడు. ప్రతి ఫోనులోనూ మళ్లీ ఇచ్చాడు. మాటలు వినబడ్డాయి. మేం సంతోషించేలోపే చెయ్యెత్తి ఆపేశాడు.

సగమే బాగైందట. కొత్త వెర్షన్‌లో మాట ఆగి ఆగి వస్తుందట, అందులోనూ ముందు బల్ల ఫోనులోంచి మరీ నెమ్మదిగా వస్తుందట. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు నోరు తెరిస్తే గ్రూపంతా మళ్లీ మూగబోతుంది, మళ్లీ అందరూ పనులు మానుకుని ఫోన్లు తన దగ్గరికి తేవాలి. అందుకని మాట్లాడేవాళ్లు చివర "అంతే" అనాలి. ఆ మాట వినబడేదాకా ఎవరూ కిక్కురుమనకూడదు. మెకానిక్కులకు ఫోన్లలోకి ఊదడం గుర్తొచ్చి మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు.

మొదట్లో నవ్వులాటగా ఉండేది. హెడ్ మెకానిక్ ఇంట్లో కూడా "ఇంకాస్త పెట్టు, అంతే" అంటున్నాడని అతని భార్య నాకు ఫోన్ చేసి చెప్పింది. పెళ్లయ్యాక మొదటిసారి తను చెప్పేది చివరిదాకా వింటున్నాడని, ఈ అప్‌డేట్ తీసెయ్యొద్దని అన్నయ్యకు చెప్పమంది. యజమాని బ్యాంకువాళ్లతో మాట్లాడి కూడా "అంతే" అని పెట్టేశాడు. మెకానిక్కులు ఒకరి మాట ఒకరు వింటున్నందువల్ల ఇద్దరు ఒకే బిల్డింగుకి పోవడం తగ్గింది. నేనైతే ఇదంతా నిజమనే నమ్మాను. ఆ పిల్ల చెబుతుంటే మాట రావడం ఆలస్యమైనప్పుడల్లా, పాపం దీని ఫోనే ఇలా ఏడ్చిందేమిటా అని యాప్‌ను తిట్టుకునేదాన్ని కూడా.

నెల చివరికొచ్చిందనగా కళ్ల డాక్టరు గారి క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. కళ్లకు కట్లు కట్టి ఉన్న పెద్దాయన ఒకరు లిఫ్టులో ఒంటరిగా ఇరుక్కున్నారు. అక్కడ రెండు లిఫ్టులున్నాయి, ఎప్పుడూ ముందుదే ఆగుతుంది. హెడ్ మెకానిక్ ఆ వీధిలోనే ఉన్నాడు. ఆ పిల్ల క్లినిక్ పేరు చెప్పి, "వె... వె..." అని ఆగింది. మామూలుగా అయితే అతను ఈపాటికి ముందు లిఫ్టు వైపు మెట్లెక్కేసి ఉండేవాడు. అవతల నుంచి అతని ఊపిరి వినబడుతోంది గానీ మాట లేదు. "వెనక లిఫ్టు. మూ... మూడో అంతస్తు దాటి ఆగింది. లోపలున్నాయనకు కళ్లు కనబడవు, తలుపు తీసేముందు గట్టిగా చెప్పి తీయండి. అంతే" అంది. పెద్దాయన క్షేమంగా బయటికొచ్చాడు. తలుపు తీసేముందు చెప్పిన మొదటి మెకానిక్కు వీడేనని మెచ్చుకున్నాడట.

ఇంత జరిగినా యజమానికి ఆ నెమ్మది నచ్చలేదు. ఫోన్ల షాపు నుంచి ఒక కుర్ర టెక్నీషియన్‌ను పిలిపించాడు. అతను అన్ని ఫోన్లూ చూసి, ఏ లోపమూ లేదని, మైకు అనుమతి ఇచ్చిన రోజే అంతా బాగైపోయిందని, ఆగి ఆగి రావడమనేది ఈ యాప్‌లో అసలు లేనే లేదని చెప్పి వెళ్లిపోయాడు.

నేను తిన్నగా విడిభాగాల గదికి వెళ్లి అన్నయ్యను నిలదీశాను. స్క్రూలు ఏరుతున్నట్టు తల వంచుకున్నాడు.

"ఆ పిల్ల చెప్పేదాంట్లో తప్పేముంది చెల్లెమ్మా, మనవాళ్లకే ఆగే ఓపిక లేదు" అన్నాడు. "కాస్త ఆగండ్రా అని నేను చెబితే ఎవడాగుతాడు? అప్‌డేట్ వచ్చిందంటే మాత్రం నోళ్లు మూసుకుంటారు."

ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత అమాయకంగా చెప్పే మనిషిని ముద్దు చేయాలో మొట్టాలో తెలియలేదు.

ఇంతలో యజమాని గ్రూపులో వాయిస్ చాట్ తెరిచాడు. నేనూ అన్నయ్యా ఫోను మీదికి వంగి విన్నాం. ఫోన్లలో ఏ లోపమూ లేదని తేలిందని, ఇకనుంచి ఆగడాలూ గీగడాలూ లేకుండా పాతపద్ధతిలో గబగబా మాట్లాడుకోవాలని, ముందు బల్ల దగ్గర అది కుదరకపోతే రేపటినుంచి మనిషిని మారుస్తానని చెప్పాడు. గది గుమ్మంలోంచి చూస్తే, బల్ల దగ్గర ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

గ్రూపులో హెడ్ మెకానిక్ గొంతు వినబడింది.

"నా ఫోనులో ఇంకా బాగవలేదు సార్. మధ్యలో మాట్లాడితే తెగిపోతోంది."

"నాదీ అంతే సార్" అన్నాడు లిఫ్టు గుంతలో ఉన్నవాడు. మోటారు గదిలో ఉన్నవాడూ అదే మాట అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు, ఎవరూ ఎవరికీ అడ్డం రాకుండా, తమ తమ ఫోన్లు పాడైపోయాయని ఒప్పుకున్నారు. అప్‌డేట్ అన్నయ్య చేతిలోంచి స్క్రూలన్నీ కింద పడిపోయాయి.

యజమాని ఏదో అనబోయాడు. అంతలో ఆ పిల్ల మైకు నొక్కింది. ఆయన కూడా ఆగాడు.

"నా... నా ఫోను మొదట్నుంచీ బాగానే ఉంది సార్" అంది. "వీ... వీళ్లవే... ఇప్పుడిప్పుడే బాగవుతున్నాయి."

ముందు నవ్వింది హెడ్ మెకానిక్. చివరికి యజమాని గదిలోంచి కూడా నవ్వు వినబడింది. మనిషిని మార్చే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. అప్పటికే ముందు బల్ల మీద ఇంకో ఫిర్యాదు మోగుతోంది, ఆ పిల్ల తీరిగ్గా మొదటి అక్షరం అందుకుంది, ఆరుగురు మెకానిక్కులు ఎక్కడివాళ్లక్కడ ఆగి వింటున్నారు.