ఆరావళి కొండల్లో మా వారు

మా ఇంట్లో రెండు హామ్ రేడియో లైసెన్సులు ఉండేవి. ఒకటి నాది, ఒకటి మా వారిది. హామ్ రేడియో అంటే ప్రభుత్వ అనుమతితో సరదాకి నడుపుకునే వైర్‌లెస్. ఇద్దరం కలిసే పరీక్ష రాశాం. ఆయన కేంద్ర ప్రభుత్వంలో అధికారి కాబట్టి పరీక్ష పాసవడంతో ఆయన బాధ్యత తీరిపోయింది. మైకు పట్టుకుని మాట్లాడే పని కింది స్థాయి సిబ్బందికి, అంటే నాకు, అప్పగించారు. ఢిల్లీలో మా ఆర్.కె.పురం క్వార్టర్స్ డాబా మీద యాంటెన్నా కట్టింది కూడా నేనే. ఆయన కింద నిలబడి “కొంచెం ఎడమకి” అన్నారు. ఆ రోజు తీసిన ఫోటోలో మాత్రం యాంటెన్నా పక్కన ఆయనే ఉన్నారు.

రెండువేల అయిదో ఆరో సంవత్సరం. అప్పటికి సెల్‌ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు, పాము ఆట ఆడుకోవచ్చు, అంతే. మనిషి ఎక్కడున్నాడో ఫోను చెప్పేది కాదు, మనిషే చెప్పాలి. మనిషి చెప్పేదాన్ని నమ్మాలి. ఈ ఏర్పాటు లోకంలో చాలామందికి బాగానే ఉండేది.

హామ్‌లు మాత్రం అప్పటికే కార్లలో ఒక పెట్టె పెట్టుకుని తిరిగేవారు. ఉపగ్రహాల నుంచి తానెక్కడుందో తెలుసుకుని, నిమిషానికోసారి “బర్ర్” మంటూ రేడియోలో ఆ సంగతి పంపే పెట్టె. ఇంట్లో రేడియోని కంప్యూటర్‌కి తగిలిస్తే మ్యాప్ మీద చుక్క కదులుతుంది. విదేశాల్లో తయారైన ఆ పెట్టె కొనుక్కుందామని నేనంటే మా వారు నావైపు చూసిన చూపులో ఆర్థిక శాఖ మొత్తం కనిపించింది.

“అయితే ఇంట్లోనే చేస్తాను,” అన్నాను.

“చెయ్యి, చెయ్యి. ఇంట్లో ఇడ్లీ పిండి కూడా చేస్తావు కదా,” అన్నారు.

నాకు రేడియోలో ఒక తమ్ముడు పరిచయమయ్యాడు. గుంటూరు నుంచి వచ్చి నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మనిషి. ఢిల్లీ గాలిలో తెలుగు మాట వినపడగానే “అక్కా” అనేశాడు, అప్పటినుంచి అలాగే ఉండిపోయాడు. పెట్టె నేను చేసేలా, కంప్యూటర్‌లో మ్యాప్ చూపించే ప్రోగ్రాం అతను రాసేలా ఒప్పందం కుదిరింది.

లజ్‌పత్ రాయ్ మార్కెట్‌లో విడిభాగాలన్నీ దొరికాయి. సర్క్యూట్ బోర్డుని డైనింగ్ టేబుల్ మీద గీసి, వాష్ బేసిన్‌లో రసాయనంతో కడిగాను. బేసిన్‌కి శాశ్వతంగా కాషాయం రంగు వచ్చింది. పక్కింటి పంజాబీ ఆంటీ వచ్చి, “బెహన్‌జీ, మేరే సీరియల్ మే యే ఫర్ర్ ఫర్ర్ క్యా హై?” అని, తన టీవీలో వస్తున్న గరగర గురించి అడిగింది. ఉపగ్రహాలని చెప్పాను. ఆ మాటకి ఆవిడ గౌరవంగా వెనక్కి వెళ్ళింది, మర్నాడు కేబుల్ వాడిని తీసుకొచ్చింది.

అన్నీ అమర్చాక, గట్టిగా ఉంటుంది కదా అని ఒక స్టీలు టిఫిన్ బాక్సులో బిగించాను. స్టీలు గోడల్లోంచి ఉపగ్రహాలు కనబడవన్న సంగతి పరీక్షకి చదివిందే. రెండు రోజులు బోర్డుని తిట్టి, మూడో రోజు ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను. వెంటనే అంకెలు వచ్చాయి. ఇరవై ఎనిమిదితో మొదలయ్యేది ఒకటి, డెబ్బై ఏడుతో మొదలయ్యేది ఒకటి. ఢిల్లీ అక్షాంశ రేఖాంశాలు అవే. ఇంకేం కావాలి? తమ్ముడు మ్యాప్ ప్రోగ్రాం సీడీలో పంపాడు. మా వారి మారుతిలో డబ్బా పెట్టి ఆఫీసుకి పంపాను. లైసెన్సు ఉన్న మనిషే కాబట్టి చట్టం కూడా మా పక్షానే ఉంది.

వంట ముగించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చుక్క వెలిగింది. ఆయన ఆఫీసున్న సెంట్రల్ ఢిల్లీలో కాదు. హర్యానాలో, సోహ్నా వైపు, ఆరావళి కొండల్లో.

మా వారి ఆఫీసులో అప్పుడు ఒక జబ్బు వ్యాపించి ఉంది. ప్రతివాడూ సోహ్నా రోడ్డు మీద ప్లాటు చూడ్డానికి పోయేవాడు. ఫోన్ చేశాను.

“ఎక్కడున్నారు?”

“మీటింగులో,” అని గుసగుసగా అన్నారు.

“కొండల మీద మీటింగా?”

“ఏంటీ?” అన్నారు, పెట్టేశారు.

ఆఫీసు లైనుకి చేశాను. ఫోనెత్తిన మనిషి “సాబ్ సీట్ పే నహీ హై,” అన్నాడు. మీటింగులో ఉన్న మనిషి సీట్లో ఉండడు అన్నది నాకు తోచలేదు. తోచాల్సిన అవసరం కూడా కనబడలేదు. ఎదురుగా చుక్క ఉంది. నా చేతులతో టంకం వేసిన చుక్క.

సాయంత్రం ఆయన రాగానే కాఫీ ఇచ్చి, “ప్లాటు బాగుందా? నీళ్ళ వసతి ఉందా?” అని అడిగాను.

ముందు ఆయనకి అర్థం కాలేదు. తర్వాత కంప్యూటర్ చూపించాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, లైసెన్సు పరీక్షలో నాకంటే ఎక్కువ మార్కులు ఎందుకొచ్చాయో మొదటిసారి నిరూపించారు.

“ఆ కొండల వెనకనుంచి అయిదు వాట్ల సెట్టుతో మన డాబా మీదికి సిగ్నల్ వస్తుందా? ఇంత స్పష్టంగా? ఆలోచించు.”

ఆలోచించాను. రాదు. అయినా మొగుడి కంటే మెషీన్ని నమ్మడమే శాస్త్రీయమని ఆ రాత్రి ముభావంగా ఉండిపోయాను.

ఆదివారం ఆయనే బయల్దేరదీశారు. డబ్బా నా ఒళ్ళో పెట్టి, నన్ను కార్లో కూర్చోబెట్టి, ఇండియా గేట్ దగ్గర ఆపారు. “ఇప్పుడడుగు మీ తమ్ముణ్ణి,” అన్నారు. నోయిడాలో తన కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముణ్ణి రేడియోలో పిలిచాను.

“తమ్ముడూ, మేం ఎక్కడున్నాం?”

“సోహ్నా దాటలేదింకా అక్కా. కొండ ఎక్కుతున్నారా? బావగారు కూడా ఉన్నారా? జాగ్రత్త, అక్కడ రోడ్డు బాగోదు.”

ఎదురుగా పిల్లలు బుడగలు కొనుక్కుంటున్నారు. మా వారు ఒక ఐస్‌క్రీం కొనుక్కుని, నాకు చూపిస్తూ నెమ్మదిగా తిన్నారు.

“తమ్ముడూ, మేం ఇండియా గేట్ దగ్గరున్నాం.”

గరగరలో కీబోర్డు టకటకలు వినపడ్డాయి. తర్వాత, “అక్కా, డబ్బా పంపేది డిగ్రీలూ నిమిషాలూనా?”

“మరి?”

“నేను నిమిషాల్ని దశాంశాలనుకున్నానక్కా. ఇరవై ఎనిమిది డిగ్రీల ముప్ఫై ఏడు నిమిషాలంటే, ఇరవై ఎనిమిది పాయింట్ ముప్ఫై ఏడు అని రాసేశాను.”

అంటే నా డబ్బా మొదటినుంచీ నిజమే చెబుతోంది. ఒక ఇంజనీరుకి గంటలోలాగే డిగ్రీలోనూ అరవై నిమిషాలుంటాయని గుర్తు లేక, ఒక ప్రభుత్వాధికారి కొండలెక్కాడు. ఈ తేడా మా వారికి వివరించబోయాను. “ఎవరి తప్పయినా అనుమానం మాత్రం నీదే కదా,” అన్నారు.

తమ్ముడు ఆ సాయంత్రమే ప్రోగ్రాం సరిచేశాడు. మర్నాడు చుక్క బుద్ధిగా మా క్వార్టర్స్ దగ్గర బయల్దేరి, మలుపు మలుపుకీ సరిగ్గా తిరిగి, ఆఫీసు చేరింది. నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. మధ్యాహ్నం వరకూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. లంచ్ వేళకి చుక్క కదిలింది. వెళ్ళి అశోకా రోడ్డులో ఆగింది.

అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనం దొరుకుతుందని ఢిల్లీలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. మా వారికి కొలెస్ట్రాల్ ఉందని, నెయ్యి ముట్టకూడదని డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. పొద్దున్నే నేను కట్టిచ్చిన రెండు పుల్కాలూ సొరకాయ కూరా ఎవరికి వెళుతున్నాయో మాత్రం అప్పటిదాకా తెలియదు. ఆటో పిలిచాను.

హాల్లో మూలనున్న బల్ల దగ్గర ఆయన కందిపొడి అన్నం మీద గరిటెతో నెయ్యి వడ్డించుకుంటున్నారు. ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

“ఏమండీ, మీటింగు ఎంతవరకొచ్చింది?”

గరిటె గాల్లో ఆగింది. “నువ్వెలా వచ్చావు?”

“డబ్బా చెప్పింది.”

“అది తప్పు చూపిస్తుందని నిన్ననే తేలిందిగా.”

“అంటే మీరిక్కడ లేరన్నమాట. మంచిది.” వడ్డించే అతన్ని పిలిచాను. “బాబూ, ఈ బల్ల దగ్గర ఎవరూ లేరట. నాకో భోజనం పెట్టు.”

ఆయన మెల్లగా నెయ్యి గిన్నె నావైపు జరిపారు. గోంగూర పచ్చడి కూడా జరిపారు. ఆ రోజు పోట్లాడాలనే వెళ్ళాను, కానీ ఉల్లిపాయ ముక్క నంజుకుంటూ గోంగూర తింటూ పోట్లాడటం నాకు చేతకాలేదు. ఢిల్లీలో కాపురం పెట్టాక ఇద్దరమే కూర్చుని అలా తిన్నది లేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. వారానికొక్కసారి, నాతో కలిసి, నెయ్యి సగం. మిగతా రోజులు పుల్కాలే. ఆయన ప్రభుత్వాధికారులు ఒప్పుకునే పద్ధతిలో ఒప్పుకున్నారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం చుక్క కదలడం మానేసింది. బ్యాటరీ తీగ ఊడి ఉంటుందని సాయంత్రం అడిగాను. “అలాగే ఉంది. ఇంట్లో చేసిన సరుకు కదా,” అన్నారు జాలిగా. నేనూ జాలిపడ్డాను. డబ్బా స్విచ్ ఆపేస్తే మ్యాప్ మీది చుక్క మాయమైపోతుందని ఆయన అనుకున్నారు. పోదు. ఆఖరిసారి ఎక్కడ కూసిందో అక్కడే నిలబడి ఉంటుంది. సరిగ్గా ఆ భోజనశాల గేటు ముందు కారాపి, డబ్బా ఆపి, లోపలికి వెళ్ళారు.

రాత్రి పుల్కాల్లోకి మళ్ళీ సొరకాయే చేశాను.