మొదట పిలిచిన పేరు

హేమచంద్‌ది ఒంగోలు. మనిషి మంచివాడే, ముక్కు మీద కోపం. వాళ్లావిడ చాముండేశ్వరి ఈ పరాయి దేశపు గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరు. సిటీవెస్ట్‌లో మా పక్క అపార్ట్‌మెంటే వాళ్లది. ఆ శనివారం పొద్దున్నే ఆమె మా తలుపు కొట్టింది. "సరోజక్కా, నాకు డ్యూటీ ఉంది. ఈయనతో గ్రౌండుకి మీరు వెళ్లండి. ఎక్కడో నోరు జారతారు" అంది. సరేనని లేచాను. నా నోరు మాత్రం ఏమన్నా తక్కువా?

రెసెషన్ పేరు చెప్పి లెపర్డ్స్‌టౌన్‌లో అతను పనిచేసే కంపెనీ వాళ్లు ఉద్యోగం పీకేశారు. కంపెనీకి ప్రాణం పెట్టి పనిచేసినవాణ్ణి! అప్పట్నుంచీ మూడేళ్లుగా ఇంటర్వ్యూలే ఇంటర్వ్యూలు. ఒకడు నీకు అనుభవం ఎక్కువంటాడు, ఇంకొకడు తక్కువంటాడు. అసలు జవాబే ఇవ్వనివాళ్లు మిగతా అందరూ. మనవాళ్ల క్రికెట్‌కి వెళితే ప్యాడ్లు కట్టుకునేలోపే "ఏమైనా దొరికిందా బాస్?" అని మొదలు. దొరకలేదని తెలిసే అడుగుతారు, అదొక సరదా వాళ్లకి. ఒకరోజు బ్యాటు అక్కడే పారేసి వచ్చేశాడు, మళ్లీ వెళ్లలేదు.

క్లోండాల్కిన్ పార్కులో బేస్‌బాల్ ఆడేవాళ్లు కనపడింది ఆ రోజుల్లోనే. బౌండరీ దగ్గర్నుంచి వికెట్ల మీదకి బంతి విసిరిన చెయ్యి అతనిది. బేస్‌బాల్లో అలా విసిరేవాడికే విలువ. చలికాలమంతా వానలో తడుస్తూ అక్కడి గోడకేసి కొట్టి నేర్చుకున్నాడు. అక్కడ ఉద్యోగం సంగతి ఎవరూ అడగరు, ఎందుకంటే వాళ్లలో సగం మందికి అదే లేదు. "ఒక్క టీములో నన్ను తీసుకుంటే చాలక్కా. ఎవరో ఒకరు కావాలనాలి కదా" అన్నాడు ఆరోజు లువాస్ ట్రామ్‌లో. అంత పొగరున్న మనిషి నోట ఆ మాట!

వాళ్ల శనివారం లీగ్‌లో ఏటా వసంతంలో డ్రాఫ్ట్ జరుగుతుంది. అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ లీగ్ వాళ్లు ఏటేటా కాలేజీ కుర్రాళ్లను టీములకు పంచుకుంటారట, ఇదీ అలాంటిదే. కొత్తవాళ్లందరిచేతా పొద్దున బంతులు వేయిస్తారు, పరుగులు పెట్టిస్తారు. తర్వాత కెప్టెన్లు వంతులవారీగా ఒక్కో పేరు పిలుస్తారు.

హేమచంద్ విసిరిన బంతి అందరికన్నా వేగంగా వెళ్లింది. నా పక్కన స్కోరు రాసే ముసలాయన "గ్రాండ్" అని గట్టిగానే అన్నాడు. హేమచంద్ వెనక్కొచ్చి కూర్చుని, "ఇంక చూడండక్కా. ఎమ్‌సెట్ కౌన్సెలింగ్‌లో నా నంబరు పొద్దున్నే పిలిచారు. బోర్డు మీద సీట్లన్నీ ఖాళీ, నాకు నచ్చింది తీసుకున్నా. ఫస్టు వచ్చినవాడికి బెస్టు టీమే" అన్నాడు. నేనూ తలూపాను. పదోతరగతి నుంచి మన బుర్రల్లో కూరిందంతా అదేగా!

అందరూ పెవిలియన్‌లో చేరారు. గోడ మీద కిందటేటి పాయింట్ల బోర్డుంది, అందులో అన్నిటికన్నా అడుగున ఉన్న టీము కెప్టెన్ డెక్లన్ లేచాడు. గోడలకు ప్లాస్టరింగ్ చేసే మనిషి, ఇళ్లు కట్టడం ఆగిపోయాక పని లేదు. గొంతు సవరించుకుని, పేరుని ఎక్కడా విరగ్గొట్టకుండా "హేమచంద్" అన్నాడు.

హేమచంద్ మొహం మాడిపోయింది. దిగ్గున లేచాడు. ఇంగ్లీషులోనే అరిచాడు: "అందరికన్నా బాగా వేసింది నేను. నాకు లాస్టు టీమా? ఉద్యోగం లేనివాడు, ఏది పడేసినా తీసుకుంటాడనుకున్నారా? నీ టీము నాకక్కర్లేదు!" డెక్లన్ చెవులదాకా ఎర్రబడ్డాడు. కాదన్నాక కెప్టెన్ వేరే పేరు చెప్పాలట, చెప్పాడు.

హేమచంద్ చేతులు కట్టుకుని, కిందటేడు గెలిచిన టీము వంతు కోసం నిలబడ్డాడు. వాళ్ల వంతు అందరికన్నా చివర వచ్చింది. వాళ్లు వేరే ఎవర్నో పిలిచారు. మళ్లీ మొదట్నుంచి తిరిగింది. ఆడకముందే కెప్టెన్ మీద అరిచినవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? సరిగ్గా పరిగెత్తలేని కళ్లద్దాల పిల్లాణ్ణి కూడా పిలిచారు. ఆఖరికి నిలబడి మిగిలింది హేమచంద్ ఒక్కడే. టీములు నిండాయన్నారు, అందరూ కుర్చీలు సర్దుతున్నారు.

నాకు ఒళ్లు మండింది. ముసలాయన్ని పట్టుకుని కడిగేశాను. ఇదేం న్యాయం, మా వాణ్ణి చెత్త టీముకు తోసేస్తారా అని. ఆయన నా వంక జాలిగా చూశాడు. "అమ్మా, ఓడినవాళ్లకే మొదటి వంతు. అందరిలోకీ మంచి ఆటగాణ్ణి వాళ్లు తీసుకుని బలం పుంజుకోవాలని. అమెరికాలోనూ అంతే. డెక్లన్ కుర్రాళ్లందరూ పనుల కోసం పెర్త్ వెళ్లిపోయారు, అందుకే ఓడాడు. మీవాడు వానలో బంతులు వేస్తుంటే చలికాలమంతా కారులోంచి చూశాడు. ఆ పేరు పలకడం కూడా నా దగ్గర ప్రాక్టీసు చేశాడు" అన్నాడు.

బయటికి పరిగెత్తాను. డెక్లన్ కారు అప్పటికే వెళ్లిపోయింది.

లువాస్ స్టాపులో హేమచంద్ ఇంకా మండిపడుతూనే ఉన్నాడు. "ఏందక్కా ఇది? ఇక్కడా ఇంతేనా?" నోరు ముయ్యమని కసిరి, ముసలాయన చెప్పిందంతా చెప్పాను. ట్రామ్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మేమిద్దరం ఎక్కలేదు.

"అంటే..." అన్నాడు, గొంతులో కోపం లేకుండా. "అక్కడున్న అందర్లోకీ ముందు నేనే కావాలనుకున్నాడా?"

"అవును నాయనా. నిన్నే."

ఆ ప్లాట్‌ఫారం మీదే మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ కోపం దాన్ని మింగేసింది. అతని మీద కాదు. మూడేళ్లపాటు ఎవరికీ అక్కర్లేదని ఇంటర్వ్యూల చుట్టూ తిప్పి తిప్పి, నువ్వు కావాలన్న మాటని కూడా తిట్టులా వినిపించేట్టు చేశారే, వాళ్ల మీద.