అక్క కోసం కిందికి దిగిన బండి

మా అక్క ఆ బండి ఎక్కడానికి ఏడాదికి పైగా ఒప్పుకోలేదు.

తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు పడ్డాక, ఆ పక్కనే ఉన్న పొలాన్ని బావ అమ్మేశాడు. విమానాశ్రయం వచ్చిన దగ్గర్నుంచి వాళ్ల ఊరు మామిడిపల్లిలో అందరూ అమ్ముకుంటూనే ఉన్నారు. ఆ పొలంలో అక్క, పెళ్లయి వచ్చిన నాటి నుంచి వంకాయా టమాటా పండించింది. అమ్మొద్దని చెప్పింది, ఏడ్చింది, నాలుగు రోజులు బావతో మాట్లాడలేదు. బావ వినలేదు. వచ్చిన డబ్బుతో మేడ కట్టాడు. మిగిలినదాంట్లోంచి ఒక పెద్ద విదేశీ బండి కొన్నాడు. ఎవరో వాడి వదిలేసినదే, బొంబాయి నుంచి తెప్పించాడు. తెల్లగా, ఎత్తుగా, గేటులో పట్టీపట్టకుండా ఉండేది. లోపల తోలు సీట్లు.

"నా వంకాయ తోట మీద కూసొని తిరుగుడు నాతోటి కాదు," అన్నది అక్క. అన్నట్టే, పెళ్లికైనా చావుకైనా ఆటోలో పోయేది. బావ బండిలో ముందు వెళ్లేవాడు, వెనకాల ఆటోలో అక్క. చుట్టాలు నవ్వేవాళ్లు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. వాళ్లిద్దరికీ పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరే మనుషులు, ఆ ఇద్దరి మధ్య ఆ బండి నిలబడింది.

నేను బడంగ్‌పేట్‌లో ఉండేదాన్ని. మా ఆయన విమానాశ్రయంలో సరుకు గోదాముల దగ్గర పనిచేసేవాడు. నేను ఇంటి దగ్గర్లోని బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం వస్తే అక్క దగ్గరికి పోయేదాన్ని. ఒక ఆదివారం వెళ్లేసరికి అక్క మంచం దిగలేదు. నడుం నొప్పి అన్నది. గంపలెత్తీ గంపలెత్తీ పట్టుకుందేమో అనుకున్నాం. మందుల షాపు గోలీలతో రెండు నెలలు గడిచాయి. చివరికి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే, రొమ్ములో పుట్టిన జబ్బు అప్పటికే వెన్నెముకలోకి పాకిందని చెప్పారు. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడానికి వారంలో చాలా రోజులు, ఆ తర్వాత సూదిమందులకూ రావాలన్నారు.

మొదటిసారి ఆటోలోనే పోయాం. పహాడీ షరీఫ్ దాటేసరికే అక్క కొంగు నోట్లో కుక్కుకున్నది. ప్రతి గుంతకూ నా చేతిని నలిపేసింది. దవాఖాన ముందు ఆటో ఆగితే దిగలేకపోయింది. ఇద్దరు మనుషులు ఎత్తి దించారు.

మరుసటి సారి బావ ఏమీ అడగలేదు. బండిని గుమ్మం ముందుకు తెచ్చి, లోపల ఏదో మీట నొక్కాడు. అంత పెద్ద బండీ మెల్లగా, చప్పుడు లేకుండా కిందికి దిగింది. నేను గోడ పట్టుకొని చూస్తూ నిలబడిపోయాను. అక్క గడపలో ఆగి, నొప్పిలో కూడా కళ్లు పెద్దవి చేసింది.

"ఏందే ఇది, ఎక్కుమని మోకాళ్ల మీద కూసుంటున్నది?"

"నీ కోసమే కూసున్నది. ఎక్కు," అన్నాడు బావ.

వెనక సీటులో బొంత పరిచి, తలను నా ఒళ్లో పెట్టి పడుకోబెట్టాం. మళ్లీ మీట నొక్కితే బండి పైకి లేచింది. ఆ బండికి ఇనుప స్ప్రింగులకు బదులు చక్రాల దగ్గర నూనె నిండిన గొట్టాలుంటాయనీ, ఒక పంపు ఆ నూనెను తోసి బండిని లేపుతుందనీ, దింపుతుందనీ, గుంత వస్తే ఆ నూనే అదురును మింగేస్తుందనీ బావ దారంతా చెబుతూనే ఉన్నాడు. ఇంతకాలం వినిపించుకోని మనిషి ఇవాళ తన బండిలో ఉన్నదని ఆయన ఆరాటం. అక్క సగం దారిలోనే నిద్రపోయింది. నెలల తర్వాత నేను చూసిన మొదటి నిద్ర అది. ఇంటికి వచ్చాక, "నీళ్ల మీద పోయినట్టున్నదే," అని నాతో అన్నది. బావతో అనలేదు. కానీ ఆయన వినేలాగానే అన్నది.

ఆ ఎండాకాలమంతా అట్లా గడిచింది. బండిలో వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రోడ్డు పక్కన కొత్తగా లేస్తున్న కాలనీలను చూపిస్తూ ఇది ఎవరి చేను, అది ఎవరి మడి అని అక్క అడిగేది, బావ చెప్పేవాడు. దవాఖానకు పోతున్నామని మరిచిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

వానలు మొదలయ్యాక వాకిట్లో బండి కింద నూనె మరక కనబడింది. తర్వాత, పొద్దున లేచి చూస్తే బండి వెనక భాగం ఒక పక్కకు కుంగి ఉండేది. స్టార్టు చేస్తే పంపు చాలాసేపు గుర్రుమని మూలిగి, అతి కష్టం మీద లేపేది. లేచినా మునుపటి మెత్తదనం లేదు. అక్క కళ్లు మూసుకునేది. కానీ ఆమె వేళ్లు నా మణికట్టు మీద ఉండేవి కాబట్టి ఏ గుంత ఎంత తగిలిందో నాకు తెలిసేది.

పట్నంలో షోరూము వాళ్లు చూసి, సామాను బయటి దేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. శంషాబాద్‌లో పాత బెంగుళూరు రోడ్డు మీద లారీలు బాగుచేసే ఒక మెకానిక్ ఉండేవాడు. ఆయన కారే చోట ఏదో బిగించి, నూనె పోసి, "అన్నా, ఇసువంటిది నేను ఎన్నడు ఇప్పలే. ఎన్ని రోజులు ఆగుతదో చెప్పలేను," అన్నాడు.

ఎక్కువ రోజులు ఆగలేదు. ఒక మధ్యాహ్నం దవాఖాన నుంచి తిరిగి వస్తుండగా, పహాడీ షరీఫ్ దాటి విమానాశ్రయం ప్రహరీ పక్కన సాగుతున్నాం. వెనక నుంచి టప్పుమని ఏదో తెగిన చప్పుడు వచ్చింది. బండి వెనక భాగం ఒక్కసారిగా కూలబడింది. ఇనుము ఇనుముకు కొట్టుకున్నట్టు ఒక దెబ్బ తగిలింది. అక్క కేక వేసింది. అట్లాంటి కేక నేను అంతకుముందు వినలేదు.

"ఆపుమను... ఆపుమనవే..."

బావ పక్కకు తీసి ఆపాడు. దిగి, తెల్ల చొక్కాతోనే బురదలో వెల్లకిలా పడుకొని బండి కిందికి దూరాడు. ఇంజను ఆపేయడంతో లోపల ఉక్కగా ఉంది. తలుపు తెరిచి పెట్టాను. తలల మీదుగా విమానాలు దిగుతున్నాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా మాట ఆపి, పోయాక మళ్లీ మాట్లాడుకోవాల్సి వచ్చేది.

నొప్పి కొంచెం తగ్గాక అక్క అన్నది, "చెల్లె, నేను ఇగ దవాఖానకు రాను."

"బండి బాగవుతది అక్కా."

"బండి గురించి కాదే నేను అంటున్నది." కాసేపు ఊపిరి తీసుకున్నది. "ఇయ్యాల డాక్టరమ్మ నా మొఖం దిక్కు చూడలే. కాయితాల దిక్కు చూసుకుంటనే మాట్లాడింది. నాకు సమజైంది. ఇగ ఈ రాకపోకలు వద్దు. ఇంట్ల పంటె చాలు."

బావకు చెబుతానని అన్నాను. అక్క నా చెయ్యి పట్టుకున్నది.

"ఇప్పుడే చెప్పకు. పాపం, ఎట్ల పరేషాన్ అయితుండో చూడు. బండి బాగ చేసుకోనీ. చేతిల పని లేకపోతే ఆయన ఆగమైతడు."

బండి కింది నుంచి బావ కాళ్లు కనబడుతున్నాయి. ఒక చెప్పు ఊడి బురదలో పడి ఉంది. ఆయన లేచి వచ్చినప్పుడు చొక్కా, జుట్టు అంతా నూనె. "జర ఓర్చుకో. మెల్లగ తోలుత," అన్నాడు అక్కతో. అడుగులో అడుగు వేసినట్టు నడిపాడు. సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. అద్దంలో ఆయన ముఖం కనబడుతూ ఉంది. దారిలో ప్రతి రాయినీ ముందే చూసి, దాని దగ్గరికి రాగానే పళ్లు బిగించేవాడు.

ఆ రోజు నుంచి బావ ఇంట్లో ఉండటం మానేశాడు. బండిని మెకానిక్ దగ్గర పెట్టించి, పొద్దున టీ తాగి పోయేవాడు, పొద్దుగూకాక వచ్చేవాడు. బొంబాయికి ఫోన్లు, ఢిల్లీకి ఫోన్లు. ఆ సామాను తెప్పిస్తే చాలు, అక్క లేచి కూర్చుంటుందన్నట్టే ఉండేది ఆయన వరుస. నేను బడికి సెలవు పెట్టి అక్క దగ్గరే ఉన్నాను. అక్క కొంచెం గంజి తాగి, గుమ్మం వైపు చూసేది.

"మీ బావ వచ్చిండా?"

"రాలేదక్కా. బండి దగ్గర ఉన్నడు."

"అట్లనా," అని కళ్లు మూసుకునేది. గంట గడిస్తే మళ్లీ అదే అడిగేది.

చెప్పొద్దన్న మాటను ఎక్కువ రోజులు మోయలేకపోయాను. ఒకరోజు ఆటో కట్టించుకొని శంషాబాద్ పోయాను. లారీల మధ్య ఆ తెల్ల బండి చక్రాలు లేకుండా దిమ్మెల మీద నిలబడి ఉంది. పక్కనే స్టూలు మీద బావ. అంతకుముందు ఏదో వాదన జరిగినట్టుంది. మెకానిక్ విసిగిపోయి ఉన్నాడు.

"నువ్వన్న చెప్పక్కా," అన్నాడు నన్ను చూసి. "సామాను కోసం ఎన్ని రోజులు సూస్తం? ఈ నూనె గొట్టాలన్నీ పీకేసి స్ప్రింగులు ఏస్త. రెండు దినాలల్ల బండి రోడ్డెక్కుతది. జర గట్టిగ, కడక్ ఉంటది, అంతే."

"కడక్ ఉంటే ఆమె ఎట్ల పంటది?" అన్నాడు బావ. "వద్దు. గదే సామాను కావాలె."

నేను ఆయన ముందు నిలబడ్డాను. "బావా, అక్క ఇగ దవాఖానకు రాదట. నాతోటి చెప్పింది. నువ్వు ఇంటికి రా."

ఆయన నా వైపు చూశాడు. "సామాను బొంబాయిల దిగిందట. రేపో ఎల్లుండో వస్తది," అన్నాడు.

"బావా, నేను చెప్పేది..."

"వస్తది. బాగయితది," అన్నాడు. తల తిప్పుకొని బండి వైపు చూస్తూ కూర్చున్నాడు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయాడు. నేను వచ్చిన ఆటోలోనే తిరిగి వచ్చాను.

చెప్పిన రోజు కాకపోయినా, సామాను నిజంగానే వచ్చింది. బిగించారు. ఒకరోజు మధ్యాహ్నం గేటు దగ్గర హారను మోగింది. బండి కడిగి, తుడిచి, కొత్తదాని మాదిరి తెచ్చాడు బావ. కిటికీ ముందు నిలిపి లోపలికి వచ్చాడు. ముఖం వెలిగిపోతూ ఉంది.

"బాగైంది. అస్సలు అదురుత లేదు. రేపు పొద్దుగాల పోదాం దవాఖానకు."

అక్క అప్పటికి పక్కకు తిరగడానికి కూడా నా సాయం అడుగుతోంది. అది బావ ఆ క్షణంలో చూశాడనుకుంటాను. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నన్ను జర లేపుండ్రి, చూస్త," అన్నది అక్క.

మెత్తలు పెట్టి లేపాను. బావ బయటికి పోయి మీట నొక్కాడు. బండి దిగింది. లేచింది. మళ్లీ దిగింది. అక్క చిన్నపిల్ల లాగా నవ్వింది. ఆ నవ్వుకు నొప్పి పుట్టి, నవ్వు ఆపుకోలేక, నొప్పి ఓర్చుకోలేక నా భుజం పట్టుకున్నది. బావ కిటికీ దగ్గరికి వచ్చి ఊచల మధ్య నుంచి లోపలికి చూశాడు.

"మంచిగున్నది," అన్నది అక్క. "మంచిగ చేయించినవ్. ఇగ చాలు. తాళంచెవి లోపట పెట్టి నా దగ్గర కూసో. ఎటు పోకు."

బావ ఊచలు పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన ఏడుపు ఊరంతా విన్నది.

ఆ పైన ఆయన గడప దాటలేదు. గంజి తాపించడం, కాళ్లు పట్టడం, తల దువ్వడం అన్నీ ఆయనే చేశాడు. దువ్వడం రాక చిక్కులు లాగితే అక్క తిట్టేది, ఆయన తిట్లు పడేవాడు. అట్లా గడిచినవి కొద్ది రోజులే. బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా, ఒక తెల్లవారుజామున, బావ చెయ్యి తలకింద ఉండగానే అక్క పోయింది.

బండిని బావ ఆ తర్వాత నడపలేదు. కొన్నాళ్లు దాని మీద బట్ట కప్పి ఉంచాడు. తర్వాతి సంవత్సరం ఎవరో అడిగితే ఇచ్చేశాడు. కొన్నవాళ్లు నడిపి చూసి, ఇంత మెత్తగా పోయే బండి తాము చూడలేదన్నారట. ఆ మాట నాకు ఊరివాళ్లు చెప్పారు, బావ చెప్పలేదు.

చాలా నెలలకు ఒకసారి బావ బడంగ్‌పేట్‌లో మా ఇంటికి వచ్చాడు. బస్సులో వచ్చాడు. అన్నం పెట్టాను. సగం తిని, కంచం వైపే చూస్తూ అడిగాడు.

"నేను ఆడ శంషాబాద్‌ల కూసున్న రోజులల్ల... మీ అక్క నా గురించి ఏమన్న అడిగిందా?"

లేదని చెబితే ఆయన మనసు తేలికవుతుందా, ఇంకా బరువెక్కుతుందా అని ఆలోచించాను. చివరికి, "అడిగింది బావా. రోజు అడిగింది," అన్నాను.

ఆయన తల ఊపాడు. మిగిలిన అన్నం మెల్లగా, ఒక్క మెతుకు కూడా వదలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కొని, పోయొస్తనని చెప్పి, బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు.