ఓబులేసు మంచు ప్రయాణం, మా ఆఫీసు బెంచీ

1987 నవంబరు. నంద్యాల బస్టాండుకు ఎదురుగా, మందుల షాపు మీది గదిలో నా యాత్రల ఆఫీసు ఉండేది. ఒక బల్ల, ఒక ఫోను, గోడకు ఇండియా మ్యాపు, తలుపు పక్కన వచ్చినవాళ్ళు కూర్చోడానికి టేకు బెంచీ. అంతకుముందు చాలా ఏళ్ళు ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. కంటితో చూడని సంగతి రాయకూడదని అక్కడ నేర్చుకున్నాను. యాత్రల పనిలో ఆ నియమం చెల్లదు. నేను ఎన్నడూ చూడని ఊళ్ళకు మనుషుల్ని పంపక తప్పేది కాదు.

మాకు వచ్చే జనం ఎక్కువగా కాశీకి, రామేశ్వరానికి, ఎండాకాలంలో బదరీకి పోయేవాళ్ళు. ఆ రోజు వచ్చిన మనిషి అడిగింది వేరు. ఓబులేసు ఆళ్ళగడ్డ హైస్కూలులో డ్రిల్లు మాస్టరు. ముప్పై ఏడేళ్ళు ఉంటాయి. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"అన్నా, మంచు మీద జారే ఆట ఉండాది కదా, స్కీయింగ్ అంటారు. అది నేర్పించే ఊరు మన దేశంలో యాడుంది? పదైదు రోజులు సెలవు పెట్టి పోవల్ల."

నవ్వబోయి మానుకున్నాను. అతని ముఖంలో వేళాకోళం లేదు. కాలేజీలో ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు స్కీయింగ్ క్యాంపుకు తనను ఎంపిక చేశారట. ఆ సంవత్సరమే తండ్రి పోయాడు. అహోబిలంలో యాత్రికులను కొండ కొన మీది ఉగ్రస్తంభం దాకా తీసుకుపోయే పని ఆయనది. వానాకాలంలో బండ మీద కాలు జారి లోయలో పడ్డాడు. ఎత్తుకురావడానికి మనుషులు చేరేసరికి పొద్దు తిరిగింది. ఆ తరువాత తల్లి నరసమ్మ కొడుకును ఏ కొండా ఎక్కనివ్వలేదు. క్యాంపుకు ఇంకో పిల్లవాడు పోయాడు.

"ఇప్పుడు ఒప్పుకుంటుందా?" అన్నాను.

"ఊరు పేరు చెబితే ఆలోచిస్తా అనింది. అందుకే నీ కాడికొచ్చినా. ఊరు నువ్వు చూడు. ఒప్పించేది కూడా నువ్వే."

మూడు చోట్లకు ఉత్తరాలు రాశాను. మా పనిలో అవతలి ఊళ్ళో నమ్మకంగా కబురిచ్చే మనిషిని లోకల్ పార్టీ అంటాం. కాశ్మీరంలో గుల్‌మర్గ్‌కు నాకు లోకల్ పార్టీ లేడు, అక్కడి టూరిస్టు ఆఫీసుకే రాశాను. సిమ్లా దగ్గర కుఫ్రీకి ఒక హోటలు గుమాస్తా ఉన్నాడు. బదరీ దారిలో జోషీమఠ్‌కు, దాని పైన ఉన్న ఔలీకి, రిషీకేశ్‌లో తెలుగు యాత్రికులు దిగే సత్రం మేనేజరు శాస్త్రిగారు ఉన్నారు. డిసెంబరు నాటికి జవాబులు వచ్చాయి. గుల్‌మర్గ్‌లో మంచు పుష్కలం, దూరమూ అంతే. కుఫ్రీకి రోడ్డు బాగుంటుంది, ఊళ్ళో టెలిగ్రాంలు ఇచ్చే తంతి ఆఫీసు ఉంది, కానీ కొన్నేళ్ళు మంచు సరిగా పడదు. ఔలీలో వాలు పొడుగు, నేర్పేవాళ్ళు గట్టివాళ్ళు. అయితే పైకి పోయే తీగబండి ఇంకా లేదు. జోషీమఠ్ నుంచి నడిచి ఎక్కాలి.

శాస్త్రిగారి ఉత్తరంలో చివర ఒక వాక్యం ఉంది. "ఫిబ్రవరిలో మంచు పడితే రోడ్డు మూసేస్తారు. ప్రోగ్రాంలో రెండు స్పేర్ డేలు తప్పక ఉంచండి." స్పేర్ డే అంటే ఏ పనీ పెట్టుకోకుండా వదిలే రోజు. బస్సు తప్పినా, ఒళ్ళు బాగాలేకపోయినా ఆదుకునేది అదే. కాశీ యాత్రకు కూడా ఒకటి వదలకుండా నేను ప్రయాణం చార్టు వేసేవాణ్ణి కాదు.

ఓబులేసుది పదిహేను రోజుల సెలవు. అతనికి నచ్చిన ఔలీకి పోను అయిదు, రాను అయిదు. మిగిలేవి అయిదు. రెండు స్పేర్ డేలు తీస్తే మంచు మీద మూడే రోజులు.

"మూడు దినాల్లో నిలబడేదే రాదన్నా," అన్నాడు ఓబులేసు, గొంతు తగ్గించి.

ఆ రెండు రోజులూ నేను కొట్టేశాను. ఉత్తరం చివరి వాక్యం అతనికి చదవలేదు.

తరువాతి ఆదివారం ఆళ్ళగడ్డ పోయాను. నరసమ్మ వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, గట్టిగా, ఉబ్బసం వల్ల మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ మాట్లాడేది. ఓబులేసు భార్య లక్ష్మీదేవి లోపల్నుంచి మజ్జిగ తెచ్చిచ్చి గడప దగ్గర నిలబడింది. స్కీయింగ్ అంటే ఏమిటో నేను వివరించాను. కాళ్ళకు రెండు పొడుగాటి పట్టీలు కట్టుకుంటారు, చేతుల్లో రెండు కర్రలు, మంచు వాలు మీద కిందికి జారతారు.

నరసమ్మ చేతిలోని కాయను ఒలవకుండా అట్లాగే పట్టుకుంది.

"కావాలని జారతారా?"

"అవును."

"దుడ్లిచ్చి?"

"అవునమ్మా."

"మా యింటాయన ఉత్తపుణ్యానికే జారె," అంది. ఓబులేసు తల వంచుకున్నాడు. ఆమె మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టి, "సరే, ఊర్ల పేర్లు చెప్పు నాయనా," అంది.

గుల్‌మర్గ్ అన్నాను. "ఆడ పడితే ఎవురెత్తుతారు?" అంది. నాకు తెలియదన్నాను. వద్దంది. కుఫ్రీ అన్నాను. "ఆడ ఏ దేవుడుండాడు?" అంది. అది దొరలు వేసవికి కట్టుకున్న ఊరు అన్నాను. పెదవి విరిచింది.

అప్పుడు నేను జోషీమఠ్ మాట తీశాను. అక్కడ నరసింహస్వామి గుడి ఉంది. చలికాలం బదరీ మూసేస్తే అక్కడి పూజలు ఈ స్వామి దగ్గరే జరుగుతాయి. ఇది నేను వాడుకున్న ఎత్తు. అహోబిలంలో పుట్టి పెరిగిన మనిషికి ఇంతకంటే ఏం చెప్పాలి? వస్తూ బస్సులోనే ఈ మాట సిద్ధం చేసుకుని తెచ్చాను.

ఆమె ఒళ్ళోని పొట్టు దులుపుకుంది.

"మన సామేనా?"

"మన స్వామే."

"అయితే నేనూ వస్తా."

ఓబులేసు ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, ఆడ మంచు! నీకు ఉబ్బసం!"

"నువ్వు పైన జారు. నేను కింద సామి కాడ కూచుంటా. నువ్వు దిగొచ్చేంతవరకూ ఆయన్ని వదల్ను. నేను రాకుంటే నువ్వూ పోవద్దు."

కొడుకును పంపడానికి ఒప్పించబోయి తల్లినీ మంచులోకి లాగాను. వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. ఆమె కోసమైనా చార్టులో ఒక విశ్రాంతి రోజు పెట్టాల్సింది. పెట్టలేదు. సెలవు పదిహేను రోజులే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఫిబ్రవరిలో బయలుదేరారు. మా పద్ధతి ప్రకారం ప్రతి మజిలీ నుంచి ఒక టెలిగ్రాం నా ఆఫీసు అడ్రసుకు రావాలి. ఆళ్ళగడ్డ ఇంటికి ఇవ్వమని చెప్పాలని నాకు తట్టలేదు. అన్ని యాత్రలకూ అట్లాగే చేసేవాళ్ళం. రిషీకేశ్ నుంచి ఒకటి వచ్చింది. జోషీమఠ్ నుంచి "చేరాం, అమ్మ క్షేమం" అని రెండోది వచ్చింది. తిరుగుదారిలో రిషీకేశ్ నుంచి మూడోది గురువారం రావాలి.

గురువారం రాలేదు. శుక్రవారమూ రాలేదు. శనివారం పొద్దున రేడియో వార్తల్లో గఢ్వాల్ కొండల్లో మంచు విపరీతంగా పడుతోందని ఒక్క ముక్క చెప్పారు. విలేకరిగా ఇలాంటి ఒక్క ముక్క వార్తలు ఎన్నో రాశాను. ఆ ముక్క కింద ఎవరింటి మనిషి ఉన్నాడో ఆలోచించి ఎన్నడూ రాయలేదు.

ఆఫీసు తెరిచేసరికి లక్ష్మీదేవి మెట్ల మీద నిలబడి ఉంది. పిల్లలిద్దరినీ పక్కింట్లో వదిలి మొదటి బస్సు పట్టుకుని వచ్చింది.

"టెలిగ్రాం వచ్చిందా అన్నా?"

"రాలేదమ్మా. లైన్లు సరిగా లేవేమో. కూర్చో."

ఆమె బెంచీ అంచు మీద కూర్చుంది. రిషీకేశ్‌కు ట్రంక్ కాల్ బుక్ చేశాను. ఎక్స్ఛేంజీ వాళ్ళు కలిపి ఇచ్చేదాకా కాచుకోవాల్సిందే. మధ్యాహ్నం దాటాక కలిసింది. శాస్త్రిగారి గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"పైనుంచి బస్సులు రావడం లేదండీ. రోడ్డు మూసేశారు. జోషీమఠ్‌కు తంతి తీగలు కూడా తెగాయంటున్నారు. ఎప్పుడు తెరుస్తారో చెప్పలేను."

"పెద్దావిడ ఉందండీ. ఉబ్బసం మనిషి."

"అయ్యో! రెండు రోజులు చేతిలో ఉంచుకోమని నేను రాశాను కదండీ?"

"అవును. రాశారు," అన్నాను.

ఫోను పెట్టేశాక లక్ష్మీదేవి అడిగింది. "ఆయన ఏం రాసినాడు?"

అబద్ధం చెప్పే వీలు ఉంది. ఉత్తరం సొరుగులోనే ఉంది, ఆమెకు తెలియదు. తీసి ఇచ్చాను. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. మడిచి బల్ల మీద పెట్టింది.

"సామి ఉండాడని మా యత్తకు చెప్పినావ్. మంచుండాదని మా యింటాయనకు చెప్పినావ్. రోడ్డు మూస్తారని ఎవురికీ చెప్పలేదే?"

"తప్పు నాదేనమ్మా."

"ఆ దినం నేను గడప కాడే నిలబడుంటి. నన్నొక్క మాట అడిగింటే రెండు దినాలు తగ్గించుకోని రమ్మని నేనే చెప్పుంటాను. మా యత్తకు కూచునేదానికి గుడుండాది. నాకేముండాది? నీ బెంచీ."

కోపంగా అనలేదు. బస్సు టైము అడిగినంత మామూలుగా అంది. అందుకే అది ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆదివారం ఆమె మళ్ళీ వచ్చింది. సోమవారమూ వచ్చింది. మొదటి బస్సుకు వచ్చి, పొద్దు గూకేలోగా పిల్లల దగ్గరికి చేరేలా తిరిగి పోయేది. నేను హైదరాబాదులో పాత పత్రికాఫీసు డెస్కుకు రోజూ కాల్ చేసేవాణ్ణి. "కొత్తగా ఏమీ లేదు బాసూ," అనేవాళ్ళు. కాశీ టిక్కెట్ల కోసం వచ్చిన వాళ్ళు ఆమె పక్కన కూర్చుని గంగ నీళ్ళ గురించి, పిండాల గురించి మాట్లాడుకునేవారు. ఆమె మెట్ల వైపే చూసేది. కింద సైకిలు ఆగిన చప్పుడైనప్పుడల్లా ఇద్దరం ఒకేసారి తల ఎత్తేవాళ్ళం. అన్నం తినమంటే కొంగులోంచి మూట తీసి, రాగి సంగటి ముద్ద సగం తిని, సగం మళ్ళీ మూట కట్టేది. నరసమ్మ ఊపిరి కోసం ఆగే తీరు నా కళ్ళ ముందు ఆడేది. ఆ ఊపిరి ఎక్కడో మంచులో ఆగిపోయి ఉంటే, ఈ బెంచీ మీది మనిషికి ఏ నోటితో చెప్పాలి?

మంగళవారం పదకొండు గంటలకు టెలిగ్రాం మనిషి మెట్లెక్కాడు. నేను సంతకం చేశాను. లక్ష్మీదేవే లాక్కుని చింపింది. ఇంగ్లీషులో ఉందని నాకిచ్చింది.

"రిషీకేశ్ చేరాం. అమ్మ బాగుంది," అని చదివాను.

"ఇంగోసారి చదువు."

చదివాను. కాగితం తీసుకుని నడుముకు దోపుకుంది. "పదకొండున్నర బస్సుండాది," అని లేచిపోయింది.

ఓబులేసు వచ్చాక సంగతులు తెలిశాయి. నాలుగు రోజులు జోషీమఠ్‌లో ఇరుక్కున్నారు. రొట్టె, ఉర్లగడ్డ తప్ప ఇంకోటి దొరకలేదు. నరసమ్మకు దగ్గు పట్టింది. ఒకరోజు లేవలేకపోయింది. గుడి పక్క ఇంటి ఆడవాళ్ళు కుంపటి పెట్టి కాపాడారు. ఓబులేసు లెక్కలేనన్నిసార్లు పడి, నాలుగో రోజున ఒక వాలు మొత్తం పడకుండా దిగాడట. అది చెప్పేటప్పుడు అతని మోకాళ్ళు తెలియకుండానే కొంచెం వంగాయి. చెప్పడం అయ్యాక, ఈసారి బెంచీ మీద కూర్చున్నాడు.

నేను క్షమాపణ చెప్పుకోవడానికి ఆళ్ళగడ్డ పోయాను. నరసమ్మ వసారాలోనే ఉంది. ఇంకా దగ్గుతూనే ఉంది.

"ఆడ సామి మన సామే నాయనా. పూజారికే మన మాట రాదు. నేను మాట్లాడతాంటే తల ఊపుతాండె, పాపం." కాసేపు ఊపిరి తీసుకుంది. "వీడు పడినప్పుడల్లా ఎత్తేదానికి ఇద్దరు ముగ్గురు ఉరికొస్తాండిరంట. వీళ్ళ నాయనకే లేకపోయిరి."

ఆ తరువాత నా పద్ధతి మారింది. ఎవరికి ఏ ఊరు చూడాలని ఉందో అడగడం చివరికి పెట్టుకున్నాను. ముందు అడిగేది, ఇంటి దగ్గర ఎదురుచూసేది ఎవరని. వాళ్ళను పిలిపించి, దారిలో ఏమేం జరగొచ్చో వాళ్ళ ముందే చెప్పేవాణ్ణి. టెలిగ్రాంలు వాళ్ళ ఇంటికే రావాలి. చార్టు రెండు కాపీలు రాసేవాణ్ణి, ఒకటి పోయేవాళ్ళకు, ఒకటి ఉండేవాళ్ళకు. స్పేర్ డేలు కొట్టేయమని అడిగిన వాళ్ళను ఇంకో ఆఫీసుకు పొమ్మన్నాను. కొందరు పోయారు కూడా. ప్రయాణానికి ఊరు ఎంచేటప్పుడు అక్కడ ఏముందో చూస్తాం. అక్కడి నుంచి కబురు ఎట్లా వస్తుందో కూడా చూడాలని నాకు నేర్పింది బడికి ఏడో తరగతితో స్వస్తి చెప్పిన లక్ష్మీదేవి.

మరుసటి ఏడాది చలికాలంలో ఆమె మళ్ళీ మా మెట్లెక్కింది. వెనక ఓబులేసు. ఈసారి మ్యాపు ముందు నిలబడింది ఆమె.

"నేనూ, మా చెల్లెలూ పోతాం అన్నా. మంచు చూడల్ల. తంతి ఆఫీసుండే ఊరు, రోడ్డు మూయని ఊరు చూడు. రెండు దినాలు ఖాళీ పెట్టు. మంచు పడకపోతే మానె, కొండలన్నా చూసొస్తాం."

కుఫ్రీ చెప్పాను. సిమ్లాలో దిగమన్నాను. టెలిగ్రాం ఆళ్ళగడ్డ ఇంటికే ఇవ్వమని చార్టులో రాశాను.

వాళ్ళు సిమ్లా చేరాల్సిన రోజు పొద్దున ఈల మెడలోనే వేసుకుని మెట్ల మీద కాచుకుని ఉన్న డ్రిల్లు మాస్టరు ఓబులేసు, నేను తాళం తీయగానే వచ్చి బెంచీ అంచు మీద కూర్చున్నాడు.

"టెలిగ్రాం ఇంటికే వస్తుంది కదప్పా, ఇక్కడికెందుకొచ్చినావ్?" అన్నాను.

"ఇంటికాడ కూచోలేకపోతాండా అన్నా," అన్నాడు.