ఎద్దుల పక్కన ముఖం

నలుపు నారాయణుడు మెచ్చు అంటారు గానీ, ప్రత్తిపాడులో మా స్టూడియోకి వచ్చినవాళ్ళెవరూ మెచ్చలేదు. ఫొటోలో అందరూ తెల్లగా పడాలి. మా ఆయన ఫొటోలు తీసేవారు, నేను చీకటిగదిలో ప్రింట్లు వేసేదాన్ని. ఊరందరి ముఖాలకీ సున్నం కొట్టడమే నా పనా అని ఒళ్ళు మండేది.

తొంభైల చివర్లో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో ఒక పెద్దాయన వచ్చాడు. అంతకు ముందెప్పుడో ఆయన ఎద్దుల జతని మా ఆయన ఫొటో తీశారు. పలుపు పట్టుకుని ఓ పక్కన ఆయన భార్య నిలబడింది. ఇప్పుడామె పోయింది.

"దానికి ఇంకో ఫొటో లేదు తల్లీ. పెద్దకర్మకి ముఖం కనపడితే చాలు."

ఆ ఫొటోని అప్పట్లో ఎద్దులు మెరవాలని గులాబీరంగు ఫిల్టరు పెట్టి వేశాను. అది తెలుపుని మరింత తెలుపు, నలుపుని మరింత నలుపు చేస్తుంది. ఎద్దులు మెరిశాయి. ఆమె ముఖం మసిబొగ్గయింది.

"కాస్త తెల్లగా రానియ్యవే, పోయినావిడ," అన్నారు మా ఆయన. ఈసారి పాత నెగెటివు లోంచి ముఖం వరకే పెద్దది చేసి పసుపు ఫిల్టరు పెట్టాను. దానితో నలుపు తెలుపుల తేడా తగ్గిపోతుంది. ముఖం తెల్లగా, నున్నగా వచ్చింది. పెద్దాయన దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఎవరమ్మా ఈమె?"

నా ప్రాణం ఉసూరుమంది. మా ఆయన ఏదో సర్దిచెప్పబోయారు. "మీరూరుకోండి," అని మళ్ళీ లోపలికి వెళ్ళాను. పసుపు ఫిల్టరుతో కాగితానికి వెలుగు పట్టించి, చివర్లో పోపు పెట్టినట్టు గులాబీరంగు ఫిల్టరు ఒక్క క్షణం పెట్టాను. మందునీళ్ళ పళ్ళెంలో నల్లటి చెంపలు తేలాయి. తర్వాత ముక్కుపుడక, ఎండకి చికిలించిన కళ్ళు. ఆమెతో నేనెన్నడూ మాట్లాడలేదు. అయినా ఏడుపొచ్చింది.

ఆరిన ఫొటోని పెద్దాయన రెండు చేతులా అందుకున్నాడు. బయట మిట్టమధ్యాహ్నం. గుమ్మం దిగబోతూ ఆగి, భుజం మీది తువ్వాలు తీసి ఫొటో మీద కప్పాడు.

"ఫొటోకి ఎండేం చెయ్యదులే బాబాయ్," అన్నారు మా ఆయన.

"ఫొటోకి కాదబ్బాయ్," అన్నాడాయన. "దానికి ఎండ పడదు. తలనొప్పొచ్చిద్ది."