నూటొకటి దగ్గర మిగిలిన రెండు

మొన్న అనంతపురం బజారులో శనక్కాయల దగ్గర అరగంట బేరమాడాను. తూకమయ్యాక అలవాటుగా కొసరు కోసం చెయ్యి చాపితే, అమ్మే ఆమె “ఏమప్పా, ఈ వయసులోనూ నీ ఆశ తీరలేదే!” అంటూ రెండంటే రెండు కాయలు నా అరచేతిలో పడేసింది. నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ రెండు నాకు చాలా పాత లెక్క.

పంతొమ్మిదివందల యాభైల చివర, వాన మొహం చాటేసిన ఏడాది. గార్లదిన్నెలో మా నాయన అంగట్లో బస్తాలు అడుగంటాయి. ఇరవయ్యేళ్లవాణ్ణి, ఈగలతో బేరమాడుతూ కూర్చునేవాణ్ణి. లోపల మంచం మీద అక్క. గుండె జబ్బుతో బడి మానినా లెక్కలు మానలేదు. చూడవచ్చిన పాత లెక్కల అయ్యవారు ఆమెకో ప్రశ్న ఇచ్చి పోయారు: పది లక్షల మూడు ప్రధాన సంఖ్యా, కాదా? అదేమిటో తెలియని నాకు అక్క పదమూడు చింతపిక్కలు పేర్చి చూపించింది. “చూడు, రెండు వరసలు పెట్టినా, మూడు పెట్టినా, నాలుగు పెట్టినా ఒకటి మిగుల్తాండాది. ఎట్లా పంచినా సమంగా తెగదు.” పది లక్షల దాకా భాగించుకుంటూ కూర్చోవాలా అని బెదిరిపోయాను. “వెయ్యి దాకా చాలురా. వెయ్యి వెయ్యిలు పది లక్షలు కదా. పెద్దదేదైనా మిగలకుండా పోతే, దాని జోడు చిన్నది ముందే చిక్కుంటాది. అందులోనూ ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు, అవి నూట అరవై ఎనిమిదే.” పది లక్షల నుంచి నూట అరవై ఎనిమిదికి దిగిన బేరం నా జన్మలో అదొక్కటే.

పొట్లాల కాగితాల మీద తొంభై ఏడు దాకా తనే చేసింది. ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలింది. తర్వాత చేతులు వాచి పెన్సిలు పట్టలేక కాగితాలు నాకిచ్చింది. “మిగతావి నువ్వు చూడరా. ఇది విరగదనిపిస్తాండాది. తెలుసుకొని పోవల్ల నేను.”

నా వంతు మొదటిది నూటొకటి. తొమ్మిదివేల తొమ్మిదివందల ఒక్కసారి పోయింది, రెండు మిగిలాయి. మా అంగట్లో తూకం చివర మిగిలిన గుప్పెడు కొనేవాడి సంచిలోకే పోవాలి, అది నాయన నేర్పిన మర్యాద. పది లక్షల్లో రెండెంత? చెయ్యి తనంతట తనే ఆ రెండూ దులిపేసింది. ఇంకా నూట నలభై రెండు భాగహారాలు తప్పుతాయన్న ఆశ కూడా ఆ చేతిలో ఉంది, ఎందుకు దాచాలి?

“అక్కా, చిక్కింది! నూటొకటికి పోయింది.”

“ఏమీ మిగల్లేదా?”

“ఏమీ మిగల్లేదు.”

కాగితం అడగలేదు. అంగట్లో పెరిగిన చెయ్యి లెక్క తప్పదని ఆమె నమ్మకం. “పోనీలేరా, ఇదీ మన మాదిరే విరిగేదే” అంది. నాలుగో రోజున అక్క పోయింది.

కాగితాలు సర్దుతుంటే నేను రాసి వదిలేసిన ఆ రెండు అంచున కనబడింది. ఖాళీ అంగట్లో కూర్చుని మిగతా నూట నలభై రెండూ చేశాను. ఒక్కదానికీ పోలేదు. ఆఖరిది తొమ్మిదివందల తొంభై ఏడు, అక్కడ పన్నెండు మిగిలింది. అక్క సంఖ్య విరగలేదు. లేచి ఆ మాట చెప్పడానికి లోపలికి వెళ్లాను కూడా. చుట్టిపెట్టిన పరుపు దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది.

మొన్నటి రెండు కాయలూ తినలేదు, జేబులోనే ఉన్నాయి. ఆ ఒక్క సాయంత్రాన్ని మళ్లీ కొసరుగా అడుగుదామంటే, కాలం ఏ అంగట్లో కూర్చుంటుందో ఇన్ని బజార్లు తిరిగిన నాకు ఇప్పటికీ తెలియలేదు.