కొండ సైకిలుకు కొత్త బ్రేకులు

మా భట్టిప్రోలు చుట్టుపక్కల కొండ అన్నది లేదు. ఎత్తంటే కాలవ మీది వంతెన, కాదంటే రైలు గేటు దగ్గర కాస్త పైకి లేచే రోడ్డు. అలాంటి ఊరికి మా తమ్ముడు కొండలెక్కే కరెంటు సైకిలు పంపించాడు. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు స్నేహితులతో కలిసి గుట్టలెక్కుతానని దాన్ని కొన్నాడు. రెండు నెలలు తొక్కాడు. తర్వాత అది వాళ్ల బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. నేను బడికి వెళ్లడానికి ఆటోల కోసం పడే అవస్థ తెలుసు కాబట్టి, ఒకరోజు చెప్పాపెట్టకుండా పార్సిల్ లారీలో వేసేశాడు.

నేను లెక్కల టీచర్ని. బడి మా ఇంటికి ఆరు కిలోమీటర్లు. సగం దారి కాలవ గట్టు మీదే. ఆ వైపు వెళ్లే ఆటో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంటే గానీ కదలదు. స్కూటీ నేర్చుకుంటానని ఒకసారి సాహసం చేసి, ఎరువుల కొట్టు మెట్ల మీదికి ఎక్కించాను. ఆ కొట్టాయన ఇప్పటికీ నన్ను చూస్తే బస్తాలు లోపలికి జరుపుతాడు. సైకిలు మాత్రం ఏడో తరగతి నుంచీ తొక్కిందే. యాభై దాటాక మోకాళ్లు మొరాయిస్తున్నాయి కాబట్టి, మనం తొక్కుతుంటే వెనక చక్రంలోని మోటారు కూడా తోసే సైకిలు వచ్చిందంటే నా అదృష్టమే అనుకున్నాను.

వారం రోజులు బాగానే ఉంది. తర్వాత టైర్ల సంగతి మొదలైంది. కొండరాళ్లను పట్టుకోవడానికి చేసిన టైర్లవి, ఒళ్లంతా బుడిపెలు. తారు రోడ్డు మీద వెళ్తుంటే తేనెపట్టు కదిలినట్టు ఒకటే రొద. అరుగుల మీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పి, "ఏ కొండకండీ టీచర్‌గారూ?" అని అడిగేవాళ్లు. మొదటిసారి నవ్వాను. పదిహేనోసారి నవ్వు రాలేదు.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. వాడికి దూరంగా ఉన్న వస్తువులను బాగుచేయించడమంటే మహా సరదా.

"అక్కా, నున్న టైర్లు వేయించెయ్. ఎగిరిపోతావు. ఆ తర్వాత సీటు మారుద్దాం, హ్యాండిలు మారుద్దాం..."

"ఒరే, ముందు టైర్లు చూద్దాం" అన్నాను.

ఏ టైరు సరిపోతుందో తెలుసుకోవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. పాత టైరు పక్కన ఒక అంకె ఉంది, తమ్ముడు చెప్పింది ఇంకో అంకె, ఆన్‌లైన్‌లో ఆ రెంటికీ మధ్యలో మరో అంకె. లెక్కలు చెప్పి బతికేదాన్ని, టైరు కొలత దగ్గర ఓడిపోయాను. చివరికి పాతదాని మీద అచ్చువేసిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద రాసుకుని, సైకిలును ట్రాలీ ఆటోలో వేయించి తెనాలి తీసుకెళ్లాను.

తెనాలిలో సైకిళ్ల షాపు పెద్దాయన ముప్పై ఏళ్లుగా అదే వ్యాపారంలో ఉన్నాడు. కళ్లజోడు నుదుటికెక్కించి, సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ముందు చక్రం వేస్తానమ్మా. వెనకది మోటారు. మోటారు చక్రం నేను విప్పను. ఎదురుగా కరెంటు స్కూటర్ల షాపుంది, వాళ్లనడగండి."

రోడ్డు దాటాను. ఆ షాపతను సైకిలును చూసి, "ఇది బండి కాదండీ, సైకిలు. సైకిల్ షాపు ఎదురుగానే ఉందిగా" అన్నాడు.

"అక్కణ్ణించే వస్తున్నాను."

"ఆయన చేస్తాడండీ. కావాలని అలా అంటాడు."

మళ్లీ రోడ్డు దాటాను. పెద్దాయన మళ్లీ దాటమన్నాడు. మెయిన్ రోడ్డు, లారీలు, బస్సులు, మధ్యలో డివైడరు. తిరిగొచ్చి మూడోసారి పెద్దాయన ముందు నిలబడ్డాను.

"ఆ చక్రం నేనే విప్పి మీ చేతికిస్తాను. టైరు వేసివ్వండి. మళ్లీ నేనే బిగించుకుంటాను. పానా ఇవ్వండి."

ఫోన్‌లో వీడియో పెట్టుకుని, షాపు గుమ్మం ముందు ముక్కాలి పీట మీద కూర్చుని, మోటారు తీగ ఊడదీశాను, నట్లు విప్పాను, ఏ వాషరు తర్వాత ఏది వచ్చిందో నేల మీద వరుసగా పేర్చుకున్నాను. చీరంతా గ్రీజు. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుని శ్రద్ధగా చూశాడు. పనంతా అయ్యాక, "ఇంతేనా? నేనూ చేసేవాణ్ణే" అన్నాడు.

నున్న టైర్లు నిజంగానే బాగున్నాయి. రొద పోయింది, బండి తేలిగ్గా పోతోంది. ఆ సంతోషం మొదటి వాన దాకా నిలిచింది. మా నల్లమట్టి సంగతి తెలిసి కూడా నేను ఆలోచించలేదు. తడిస్తే గట్టు మీద వెన్న పూసినట్టుంటుంది. ఆ ఉదయం బడికి వెళ్తుంటే ఒక దున్నపోతు గట్టెక్కి అడ్డం వచ్చింది. రెండు బ్రేకులూ శక్తికొద్దీ నొక్కాను. పాత తీగ బ్రేకులు మూలుగుతూ సగం పట్టాయి. నున్న టైరు పక్కకు జారింది. నేను గట్టు వాలులోని పొదలో పడ్డాను, నా టిఫిన్ డబ్బా కాలవలో పడింది. దున్నపోతు మాత్రం కదల్లేదు.

మోచెయ్యి దోక్కుపోయి ఇంటికొస్తే మా ఆయన దూదీ, డెట్టాలూ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన నాలుగెకరాల మాగాణి చూసుకునే మనిషి. ఏ యంత్రమైనా ఉన్నది ఉన్నట్టు వాడుకోవాలనే రకం.

"వచ్చినప్పుడు ఎలా ఉందో అలా వాడుకుంటే ఏంపోయింది?" అన్నాడు.

"బ్రేకులు వచ్చినప్పుడూ బాగాలేవు."

"టైర్లు బాగున్నాయిగా."

ముందు చక్రానికి పాత బుడిపెల టైరే మళ్లీ వేయించుకున్నాను. ఆ సంగతి తమ్ముడికి చెప్పలేదు. పడ్డ సంగతి మాత్రం చెప్పాను. వాడికి నిజంగానే భయం వేసింది. అడక్కుండానే ఆయిల్ బ్రేకులు ఆర్డరు పెట్టేశాడు. వాటిలో తీగ బదులు సన్నని గొట్టంలో నూనె ఉంటుంది. ఒక్క వేలితో నొక్కితే చాలట, చక్రం పట్టేసుకుంటుందట.

మళ్లీ ట్రాలీ ఆటో, మళ్లీ తెనాలి. ఈసారి పెద్దాయన ఉత్సాహంగా ఉన్నాడు. బ్రేకులు సైకిలువే కాబట్టి తన పనే అన్నాడు. మధ్యాహ్నం దాకా పట్టింది. పాత బ్రేకు పిడుల నుంచి బ్రేకు తీగలు కాక ఇంకో రెండు సన్నని కరెంటు తీగలు హ్యాండిలు వెంట కిందికి వెళ్లేవి. కొత్త పిడులకు అలాంటివేమీ లేవు. పెద్దాయన ఆ తీగల కొసలను చేతిలో పట్టుకుని కాసేపు చూసి, నల్ల టేపు చుట్టేశాడు.

"అవేంటండీ?" అన్నాను.

"మిగిలిపోయాయమ్మా."

"మిగిలిపోవడమేంటి? దేనికో దానికి పెట్టి ఉంటారుగా?"

"పాత బ్రేకులకు కావాలి. ఇవి కొత్తవి, మంచివి. వీటికి అక్కర్లేదు."

రెండోసారి అడిగాను. అదే మాట చెప్పాడు. నా క్లాసులో ఎవరైనా చివర్లో ఒక అంకె మిగిలిపోయిందని వదిలేస్తే ఊరుకుంటానా? ఆ రోజు ఊరుకున్నాను. ఆకలిగా ఉంది, ఎండగా ఉంది, ఆటో అతను హారన్ కొడుతున్నాడు.

మర్నాడు పొద్దున రైలు గేటు వేస్తుంటే చేరాను. నా ముందు పాలాయన మోటార్ సైకిలు ఆపుకుని ఉన్నాడు, రెండు వైపులా పెద్ద పెద్ద క్యాన్లు. నేను మెత్తగా బ్రేకు నొక్కాను. చక్రం పట్టుకుంటోంది, మోటారు ముందుకు తోస్తోంది! ఒక్క క్షణమే. కానీ ఆ క్షణంలో నా ముందు చక్రం వెళ్లి ఆయన క్యానును గుద్దింది. మూత ఎగిరింది. పాలు రోడ్డు మీద.

"ఏంటండీ టీచర్‌గారూ, బ్రేకుల్లేవా?"

"ఉన్నాయండీ. కొత్తవే. నిన్ననే వేయించాను."

గేటు దగ్గర ఆగిన జనమంతా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నేను మాత్రం బండి దిగి, మిగతా నాలుగు కిలోమీటర్లూ నడిపించుకుంటూ వెళ్లాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. దెబ్బేమీ తగల్లేదు, ఒళ్లు మండిపోయి వచ్చిన నీళ్లవి.

ఆ సాయంత్రం తమ్ముడు తాపీగా చెప్పాడు. "ఓ, అదా! బ్రేకు నొక్కగానే మోటారు ఆగమని చెప్పే తీగలక్కా అవి. ఆయిల్ బ్రేకులకు ఆ సెన్సరు విడిగా కొనాలి."

"ఇది ముందు చెప్పొద్దురా?"

"నేను పంపిన బ్రేకుల వీడియో చివర్లో చెప్పాడుగా. పూర్తిగా చూళ్లేదా?"

ఫోన్ పెట్టేశాను. వాడు సెన్సరు పంపించాడు. విప్పి చూస్తే దాని కొసకు మూడు పిన్నులు, మా సైకిలుకున్న సాకెట్టుకు రెండు రంధ్రాలు. దాన్ని చూస్తూ మంచం మీద ఎంతసేపు కూర్చున్నానో. మా ఆయన గుమ్మంలోంచి చూసి లోపలికొచ్చాడు. "ఆదివారం మన చేలో మోటారు వైండింగ్‌కి బాపట్ల తీసుకెళ్తున్నా. దీన్నీ వెయ్యి" అన్నాడు.

ట్రాలీలో ఒక పక్క కాలిపోయిన నీళ్ల మోటారు, ఒక పక్క నా సైకిలు. నగరం ఊరు దాటాం, కర్లపాలెం దాటాం. దారంతా ఇదే ఆఖరుసారి అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇక్కడా కాకపోతే తిరిగి పార్సిల్ లారీలో ఎక్కించేయాలని నిశ్చయించుకున్నాను.

బాపట్లలో ఆ వైండింగ్ షాపును భార్యాభర్తలు నడుపుతారు. ఆ రోజు ఆయన ఎక్కడో బోరులోంచి మోటారు పైకి తీయించడానికి వెళ్లాడు. ఆవిడ ఒక్కతే ఉంది. అరవై దగ్గరపడ్డ మనిషి, నేల మీద కూర్చుని రాగితీగ చుట్టలు చుడుతోంది. నా గోడంతా విన్నది. మూడు పిన్నుల సెన్సరును తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"దీనికి విడిగా కరెంటు ఇవ్వాలండీ. మీ సైకిలుకు ఆ తీగ లేదు. దానికి కావాల్సింది ఉత్త స్విచ్చే. రెండు తీగలు కలిస్తే మోటారు ఆగాలి, విడిపోతే నడవాలి. అంతేగా?"

"అంతేనండీ" అన్నాను. నాలుగు నెలల్లో ఎవరూ నాకు అంత సూటిగా చెప్పలేదు.

ఆవిడ లేచి డబ్బాలో వెతికి తెల్లటి ముక్కలు రెండు జతలు తీసింది. దొంగలు పడితే గంట మోగేందుకు షట్టర్లకు బిగించే స్విచ్చులట. ఒక ముక్కలో అయస్కాంతం, ఇంకో ముక్కలో స్విచ్చు. దగ్గరికొస్తే కలుస్తుంది, దూరమైతే విడిపోతుంది. ముందు ఒక జత తీసుకుని, అయస్కాంతాన్ని వెనక బ్రేకు పిడికి, స్విచ్చును దాని మొదట్లో హ్యాండిలుకు అతికించి, తీగలు కలిపింది. మా ఆయన వెనక చక్రం పైకెత్తి పట్టుకున్నాడు. నేను పెడలు తిప్పాను.

మోటారు కదల్లేదు. బ్రేకు నొక్కాను. చక్రాన్ని ఒకవైపు బ్రేకు పట్టుకుని ఉంటే, మోటారు గుర్రుమంటూ లాగడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఇదీ తప్పేనా!" అని అరిచేశాను. షాపులో ఉన్నవాళ్లంతా చూశారు. నాకే సిగ్గేసింది.

ఆవిడ నొచ్చుకోలేదు. "తప్పు కాదండీ టీచర్‌గారూ. పని చేస్తోందిగా, తిరగేసి చేస్తోందంతే. అసలు పనే చెయ్యని దాంతోనే చిక్కు. ఇలాంటిదాన్ని తిప్పుకోవచ్చు" అంది.

స్విచ్చును ఊడదీసి పిడికి అవతలి వైపు, పట్టు దగ్గర పెట్టింది. ఇప్పుడు బ్రేకు నొక్కితేనే అయస్కాంతం దాని దగ్గరికి వస్తుంది. మళ్లీ పెడలు తిప్పాను. చక్రం రయ్యిమంది. వేలితో అలా తాకానో లేదో, మోటారు గప్‌చుప్. పదిసార్లు నొక్కి చూశాను. పదకొండోసారి మా ఆయన, "చేతులు నొప్పెడుతున్నాయి, ఇక దింపనా?" అన్నాడు.

రెండో పిడికీ అలాగే పెట్టి, వానకు తడవకుండా అతుకుల మీద సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగి, అగ్గిపుల్లతో వేడిచేసి బిగుసుకునేలా చేసింది. మాకు టీ తెప్పించింది. "పాలాయన్ని గుద్దింది నిజమేనాండీ?" అని మళ్లీ అడిగి మరీ చెప్పించుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. అప్పటికి నాకూ నవ్వొచ్చింది.

ఆ స్విచ్చులు ఇంతవరకూ మొరాయించలేదు. మొన్నామధ్య ట్యూబు కోసం తెనాలి వెళ్తే, షాపు పెద్దాయన బయటికొచ్చి ఆ తెల్ల ముక్కలను వంగి చూశాడు. ఫోన్ తీసి రెండు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు.

"బాగుందమ్మా. ఆ తీగలు దీనికన్నమాట. ఆ రోజే చెప్పి ఉంటే నేనే పెట్టేవాణ్ణిగా."

ట్యూబుకు డబ్బులిచ్చాను. ట్యూబు సంచిలో పెట్టుకుంటుంటే ఆయనే మళ్లీ, ఇలాంటి సైకిళ్లే ఇంకో ఇద్దరు తెచ్చి వదిలేశారని, ఏం చేయాలో తోచడం లేదని మెల్లగా అన్నాడు. బాపట్ల ఆవిడ పేరూ నంబరూ రాసిచ్చాను. ఆయన చదువుకుని, "ఆడమనిషా?" అన్నాడు.

"అవునండీ. రోడ్డు దాటమనదు" అన్నాను.